మా టీవీలో వాన

కొత్త టీవీలో బొమ్మ సరిగ్గా కనబడకపోవడం ఇంటికి ఎంతో మంచిది. నవ్వకండి. హన్మకొండలో మా వీధికంతా మొదటి టీవీ మాదే కాబట్టి అనుభవంతో చెబుతున్నాను.

బొమ్మ బాగా వస్తే ఏముంది? చూస్తారు, లేచి పోతారు. మా టీవీలో వార్తలు చదివే ఆవిడ పక్కనే ఆవిడ నీడ ఇంకొకటి కూర్చుని అవే వార్తలు చదువుతుంది. ఒకరికి ఇద్దరు వస్తే నష్టం ఎవరికి? దేశమంతా పొడి వాతావరణం అని వాళ్లు చెబుతున్నప్పుడు కూడా మా తెర మీద జోరున వాన. రోహిణి ఎండల్లో అది చూస్తుంటేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక కూలర్ దండగ!

పైగా మా అత్తగారు లక్ష్మీనర్సమ్మగారు టీవీ వచ్చిన రోజే పూజ చేసి, అద్దం నడిమధ్య కుంకుమబొట్టు పెట్టారు. పూజ చేసిన బొట్టు తుడిచే ధైర్యం ఎవరికుంది? మంత్రులైనా, మల్లయోధులైనా మా ఇంటికి బొట్టు పెట్టుకునే వస్తారు. కొందరికి ముక్కు మీద, కొందరికి గడ్డం మీద.

మెదడుకు పని కూడా దొరుకుతుంది.

"ఆ ఉరికొచ్చేది గుర్రమా, హీరోనా?" అని అడుగుతుంది పక్కింటి మొగిలమ్మ.

"గుర్రమే. హీరో దాని మీదున్నడు," అంటారు అత్తగారు.

ఇన్ని లాభాలున్నా మావారికి తృప్తి లేదు. టీవీ వెనక యాంటెన్నా వైరు తగిలించే చోట వదులుగా ఉంది. వైరును చేత్తో పట్టుకుంటే వాన ఆగుతుందని ఆయనే కనిపెట్టారు. ఆయన పట్టుకుంటే మాట పోయింది. అత్తగారు పట్టుకుంటే గీతలొచ్చాయి. నేను పట్టుకుంటే బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది.

"నీ చేతిల ఏమున్నదో గని వదినె, జర గట్లనే నిలబడు," అంది మొగిలమ్మ.

చూశారా, టీవీ బాగుంటే నా చేతికింత పేరు వచ్చేదా!

అప్పటినుంచి నా చోటు టీవీ వెనక. సినిమా నాకు ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాల్లో కనబడుతుంది. మొగిలమ్మ కొంగు కళ్లకద్దుకుంటే హీరోయిన్‌కు కష్టం వచ్చినట్టు. మావారు కాలు ఊపుతుంటే పాట. మెకానిక్‌ను పిలవమని అడిగితే ఆయన, "ఎందుకే, మంచిగనే కనబడ్తాంది గద," అన్నారు. నిజమే. ఆయనకు కనబడుతోంది.

మొన్న గురువారం టీవీలో నా చెల్లెలు వరలక్ష్మి పాట వేశారు. హసన్‌పర్తి బడిలో టీచరు తను. హైదరాబాదు పోయి పాడి వచ్చిన నాటినుంచి ఆ సాయంత్రం కోసమే ఎదురుచూశాను. పాట మొదలుకాగానే వైరు మావారి చేతికిచ్చి ముందుకొచ్చాను. మాట పోయింది, పైగా వాన!

"వదినె, జల్ది నువ్వే పట్టుకో. మీ చెల్లె కనబడ్తలేదు," అంది మొగిలమ్మ.

వెనక్కి పోయి పట్టుకున్నాను. వీధి వీధంతా నా చెల్లెలిని కళ్లారా చూసింది. నేను మొగిలమ్మ ముఖం చూశాను.

మర్నాడు వరలక్ష్మి వచ్చి, "అక్కా, నేనెట్ల కనబడ్డ?" అని అడిగింది.

"మస్తు మంచిగ," అన్నాను.

"గా బొట్టొక్కటే నీ చెంప మీద వడ్డది బిడ్డా," అన్నారు అత్తగారు. ఆమె చూశారు కదా.

ఆదివారం సినిమా చివరికొచ్చింది. విలన్ తుపాకీ ఎత్తినట్టున్నాడు, ఎదురుగా ఒక్కరూ రెప్ప వేయడం లేదు. నేను వైరు వదిలేసి, వచ్చి మావారి పక్కన కూర్చున్నాను. ఎవరు ఎవరిని కాల్చారో ఆ వానలో ఎవరికీ తెలియలేదు.

"ఏమైందే?" అన్నారు మావారు.

"ఏం కాలే. మంచిగనే కనబడ్తాంది గద," అన్నాను.

తెల్లారేసరికి మెకానిక్ వచ్చాడు. ఒక చిన్న స్క్రూ బిగించి, టీ తాగి, మా ఇంటి అదృష్టాన్నంతా ఊడ్చుకుపోయాడు. ఇప్పుడు నేనూ అందరిలా టీవీ ముందే కూర్చుంటున్నాను. అన్నీ కనబడుతున్నాయి. వరలక్ష్మి పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో మాత్రం, ఆ వార్తలు చదివే ఆవిడ ఒక్కరోజూ చెప్పడం లేదు.