పొట్టేలును వాటేసుకుని ఏడ్చిన దొర

రేడియో నాటకాల్లో మనుషులు నమ్మేటట్లు ఉండరని అనేవారికి మళ్లీ ఒకసారి చెవులు కుట్టించాలి! అంతకంటే నమ్మదగిన మనుషులు ఈ భూమ్మీద ఎక్కడున్నారండీ?

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, మోత్కూర్ పక్కనున్న మా ఊరి దొర ఉండే గడీ అరుగు మీదికి ఒక బాటరీ రేడియో వచ్చింది. దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో పట్నం పారిపోయిన దొర, మిలిటరీ లారీల వెనక తిరిగొచ్చాడు కదా! ఊరికే వస్తే ఏం బాగుంటుందని జనానికి జ్ఞానం వెంట తెచ్చాడు. ప్రతి బేస్తవారం పొద్దుగూకగానే ఇంటికొకరు అరుగు ముందు కూర్చుని వారం వారం నాటకం వినాలి; దొర మాత్రం గడీ లోపలే ఉంటాడు. రానివాడిని సంఘం మనిషి కింద రాస్తారు. అంత శ్రద్ధగల శ్రోతలు ఏ రేడియోకు దొరుకుతారు?

ఆ నాటకంలో ఒక దొర. రైతు కాల్లో ముల్లు దిగితే ఈయన కంట నీళ్లు దిగేవి. వాన పడకపోతే అన్నం మానేవాడు. పట్వారీ తన దొంగరాతలు తానే చదివి చెంపలేసుకునేవాడు. పోలీసు పటేలు ముసలవ్వల కట్టెలమోపు నెత్తికెత్తుకునేవాడు. ఒక వారమైతే, వెట్టివాడు తన ముందర ఉరుకుతున్నాడని దొర గుర్రం సిగ్గుపడి ఆగిపోయింది!

ఆలేరు బడిపంతులు రామచంద్రం మాత్రం పెదవి విరిచాడు. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. వాళ్లను ఎవరడిగారు? గొర్రెల బీరన్నను అడగండి!

గడీలో పెళ్లికొకటి, పురుడుకొకటి ఇవ్వగా ఇవ్వగా బీరన్న మంద సగమైంది. మిగిలిన మందకు విత్తనపు పొట్టేలు ఒక్కటే. కొత్త ఆఫీసరు వస్తున్నాడని, విందుకోసం దొర కన్ను దానిమీద పడింది. అదే పోతే మరుసటి ఏడు ఆ మందలో పిల్ల పుట్టదు.

సరిగ్గా అప్పుడే, రేడియో నాటకంలోని దొర వెక్కుతూ, "ఇకమీదట నా ఇంటికి ఎవరి గొర్రే రావద్దు. ఇది నా మాట!" అన్నాడు.

తెల్లారి దొర మనిషి సాయిలు తాడు పట్టుకొచ్చేసరికి బీరన్న మందకు అడ్డం నిలబడ్డాడు.

"నిన్న మాపు దొర వద్దన్నడు గదనే సాయన్నా! ఊరంత ఇన్నది."

"అరే పిచ్చోడా, అది నాటకం రా!"

"నాటకమా? మరి ఏషమేది? మొకానికి అర్దలమేది? తెరేది, తాళాలేవి? ఏటేటా బాగోతం చూసెటోన్ని, నాకు చెప్తవా?"

సాయిలు తల గోక్కున్నాడు. తానూ బాగోతంలో తాళం కొట్టినవాడే. రంగు పూసుకోకుండా ఆడేది కూడా నాటకమేనని ఆ ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? తగువు దొర దగ్గరే తేలాలని ఇద్దరూ పొట్టేలును నడిపించుకుంటూ గడీకి పోయారు.

అరుగు మీద దొర ఉన్నాడు. మొన్నటిదాకా నిజాం రూమీ టోపీ మోసిన నెత్తిన ఇప్పుడు కాంగ్రెసు తెల్లటోపీ. పక్క కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు. బీరన్న గొంగడి తీసి చంకలో పెట్టుకుని వంగాడు.

"బాంచెన్ దొరా! గొర్రె రావద్దని రేడియోల మీరే అంటిరి. గీ సాయన్న ఇంటలేడు."

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏమండీ, వెట్టి ఇంకా సాగుతోందా ఇక్కడ?"

ఆ మాట వినగానే దొర అరుగు దూకి పొట్టేలు మెడ వాటేసుకున్నాడు! "వెట్టి గిట్టి ఏం లేదు సార్! సాయిలు తెల్వక తెచ్చిండు. తోల్కపో బీరన్నా, నీ పిల్లలెంతో నాకు గిది గంతే!" అంటూ ఆ ఉన్నిలో ముఖం పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. రేడియో దొర దిగదుడుపే! ఆఫీసరు కూడా కళ్లు తుడుచుకుని, ఏదో రాసుకుని, కోడికూరతో భోంచేసి జీపెక్కాడు.

ఇప్పుడు చెప్పండి! నాటకంలో ఉన్నది ఉన్నట్టు ఊళ్లో జరిగిందా, లేదా? అది నమ్మకానికి పరాకాష్ఠ కాదా?

జీపు లేపిన దుమ్ము అణగకముందే సాయిలు మళ్లీ వచ్చాడు. ఈసారి రెండు తాళ్లు. ఒకటి పొట్టేలు మెడకు వేసి, రెండోది చూడి గొర్రెకు వేశాడు.

"గిదెందుకే?" బీరన్న చూడి గొర్రె మీద చెయ్యి వేశాడు.

"బాటరీ అయిపోవచ్చిందట. రేడియో బందైతే మీకు మంచి ముచ్చట్లు ఎవలు చెప్తరని దొరకు ఒక్కటే ఫికర్."

మళ్లీ బేస్తవారం వచ్చింది. కొత్త బాటరీతో దొర గొంతు ఖంగుమంది. ఇంటికి రాగానే బీరన్న, దొడ్డి ఊడుస్తున్న భార్య జానమ్మతో ఆత్రంగా అన్నాడు.

"ఇన్నవా? రేడియోల దొర బీదోళ్లకు భూమి పంచుతాండట!"

జానమ్మ చేతిలో చీపురు ఆగింది.

"అయ్యో! అయితే మన చెల్క భూమి సుత పోయినట్టే."