ముప్పై రెండో బొమ్మ

కలకత్తా కాలేజీ వీధి పుస్తకాల కొట్లలో ఉన్నన్ని బుర్రలు ఇంకెక్కడా లేవనీ, అవన్నీ త్రాసులో ఒక పక్క, తన బుర్ర ఒక్కటీ రెండో పక్క వేస్తే ముల్లు తనవైపే వాలుతుందనీ నిబారణ్ పాక్రాశీ నమ్మకం. గల్లాపెట్టె పైన అతడే రాసి తగిలించుకున్న అట్ట ఒకటి ఉండేది: "నిజం ఎంత లోతున దాగినా, నిబారణ్ పాక్రాశీకి జానెడు దూరంలోనే ఉంటుంది."

అది చదివిన గిరాకీలు పుస్తకం ధర తగ్గించమన్నారే తప్ప, కేసు ఇచ్చినవాడు లేడు. ఇరవై ఏళ్ళలో అతడు పట్టిన దొంగ ఒక ఎలుక. దాన్ని కూడా నిజానికి పిల్లి పట్టింది. తెలివి కూడా సరుకే, అమ్ముడుపోకుండా గోదాములో పడి ఉంటే చెదలు పడుతుందని అతడి దిగులు.

అందుకే ఆ శనివారం పొద్దున చెల్లెలు తపతి బొమ్మలు రెండుసార్లు లెక్కపెట్టి, "దాదా, ముప్పై ఒకటే ఉన్నాయి" అన్నప్పుడు నిబారణ్ గుండె ముందు జారిపోయి, వెంటనే గంతేసింది.

ఆ బొమ్మలు జోడాదీఘి స్పోర్టింగ్ అభిమానుల కోసం వేస్తున్న కానుక పుస్తకానివి. బుధవారానికి ఆ ఫుట్‌బాల్ క్లబ్బుకు నూరేళ్ళు. తండ్రికి కొడుకు, అల్లుడికి మామ ఇచ్చుకునేలా పేజీకో బొమ్మ, కింద రెండు వాక్యాలు. బొమ్మలు వేసినవాడు శశధర్ గుహ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక కంట్లో శుక్లం, చేతిలో వణుకు. పోయింది ఆఖరి బొమ్మ. వానలో తడిసిన మైదానం, వలలో బంతి, జనంలో అన్న భుజాలెక్కి కూర్చున్న పసివాడు. ఆ పసివాడు శశధర్‌బాబే. అన్న ఇప్పుడు లేడు, ఫోటో కూడా లేదు. ఆ మొహం మిగిలింది ఆ కాగితం మీదే. పైగా ఆ సాయంత్రం ఆరు దాటితే అచ్చాఫీసువాళ్ళు దసరా పూజా సంచికల పని ఎత్తుకుంటారు. ఇక నెలరోజుల దాకా ఎవరినీ గుమ్మం ఎక్కనివ్వరు.

మళ్ళీ వెయ్యలేరా అని, కొట్టులోనే కూర్చుని ఉన్న శశధర్‌బాబుని తపతి మెల్లగా అడిగింది.

"వేస్తాను తల్లీ. అది వాడి మొహం కాదు, ఇంకెవరిదో అవుతుంది," అన్నాడు శశధర్‌బాబు. ఆ తర్వాత మట్టి కప్పులో టీ చల్లారిపోతున్నా తాగలేదు.

నిబారణ్ ఆలోచించడానికి తన కుర్చీ ఎక్కాడు. ఎక్కాడనే అనాలి. ఆ కుర్చీ చుట్టూ దారం కట్టి ఉంది. పోయిన ఆదివారం సెమీఫైనల్ నాడు, బయట కుండపోత వాన కురుస్తుంటే, అతడు ఆ కుర్చీలో కూర్చుని రేడియో వింటుండగా ఆఖరి నిమిషంలో జోడాదీఘి గోల్ కొట్టింది. ఇక కప్పు గెలిచేదాకా ఆ కుర్చీ జరపకూడదు, దులపకూడదు, దాని మీది దిండు కదపకూడదు. ఆ వీధిలో అభిమానులందరిదీ ఇదే పద్ధతి. గోల్ పడ్డప్పుడు ఒక కాలికే చెప్పుందని, ఎదురుగా ఉన్న దర్జీ ఆదివారం నుంచి ఒంటికాలి చెప్పుతోనే తిరుగుతున్నాడు.

"నీ కాళ్ళు నేలకి అందడం లేదేంటి దాదా?" అంది తపతి.

పరిశోధన మొదలైతే మనిషి ఎత్తు పెరుగుతాడని అతడు జవాబిచ్చాడు. తరువాత భూతద్దం తీసి, కళ్ళు సగం మూసి, గొంతు తగ్గించి ప్రకటించాడు.

"ప్రతి నేరంలోనూ లాభపడేవాడు ఒకడుంటాడు. వాడిని పట్టుకుంటే సరుకు దొరుకుతుంది."

లాభపడేవాడు అతడి లెక్కలో ఒకడే, మక్సూద్ అలీ. వెనక సందులో ఉంటూ ముప్పై ఏళ్ళుగా ఈ కొట్టు పుస్తకాలకు అట్టలు కడుతున్నవాడు. కానీ కాసిమ్‌బాగ్ క్లబ్బు అభిమాని. ఈ రోజు నాలుగింటికి జోడాదీఘి ఫైనల్ ఆడబోయేది సరిగ్గా ఆ కాసిమ్‌బాగ్‌తోనే. పైగా ఆదివారం మక్సూద్ ఇదే కొట్టులో ఉన్నాడు. ఆ వాదన విని తపతి, ఆదివారం పిల్లి కూడా ఇక్కడే ఉందని గుర్తుచేసింది.

మక్సూద్ చంకలో పలచటి కట్ట పెట్టుకుని సందులో పోతుంటే నిబారణ్ వెంటపడ్డాడు. మొహం కనపడకుండా గొడుగు తెరిచి, చూడటానికి దానికి చిల్లు పెట్టుకున్నాడు. మండే ఎండలో మూడు మలుపులు తిరిగాక మక్సూద్ వెనక్కి చూడకుండానే అన్నాడు.

"నిబారణ్‌దా, ఎలాగూ వస్తున్నారుగా, ఆ గొడుగు నా మీదికి కూడా కాస్త పట్టండి."

వలలో పడ్డ చేప నవ్వుతోందని నిబారణ్ అనుకున్నాడు. మక్సూద్ గదిలోకి వెళ్ళగానే కట్ట లాక్కుని విప్పాడు. లోపల మెత్తటి తోలుతో నీలం, తెలుపు చారల అట్ట ఉంది. జోడాదీఘి రంగులు. మూలన చిన్న అక్షరాలతో శశధర్‌బాబు పేరు. మొదటి ప్రతి ఆయన చేతికి ఆ అట్టతో ఇద్దామని వారంగా కుడుతున్నాడట.

"రంగు మీ క్లబ్బుదే గానీ కుట్టు నాది," అన్నాడు మక్సూద్. "ఇంకా ఎక్కడైనా వెతుకుతారా? పరుపు కింద చూడలేదు మీరు."

నిబారణ్ నిజంగానే పరుపు ఎత్తి చూశాడు. వచ్చినందుకు ఏదో ఒకటి గిట్టుబాటు కావాలి కదా. తరువాత క్షమించమని అడగడం చేతకాక, మ్యాచి వినడానికి రమ్మన్నాడు.

నాలుగింటికి కొట్టులో రేడియో చుట్టూ నలుగురు కూర్చున్నారు. నిబారణ్ దారం దాటి కుర్చీ ఎక్కి, సెమీఫైనల్ నాడు పెట్టినట్టే ఎడమ చెయ్యి నెత్తిన పెట్టుకుని, ఆ భంగిమలోనే విచారణ సాగించాడు. తపతిని, మక్సూద్‌ని, చివరికి శశధర్‌బాబుని కూడా బొమ్మ ఆఖరిసారి ఎక్కడ చూశారని అడిగాడు. ముగ్గురూ ఒకటే చెప్పారు, ఆదివారం నీ చేతిలోనే అని. సాక్షులు కూడబలుక్కున్నారని అతడు రాసుకున్నాడు.

మొదటి సగంలోనే జోడాదీఘి గోల్ కొట్టింది. అయిదు దాటింది. అచ్చాఫీసు నుంచి ఫోను వచ్చింది, ఆరు తరువాత రావద్దని. మరో పది నిమిషాల్లో కప్పు చేతికొస్తుందనగా కాసిమ్‌బాగ్ స్కోరు సమం చేసింది.

మక్సూద్ నోరు నొక్కుకున్నాడు. నిబారణ్ నిలువునా ఎగిరాడు. దారం తెగింది, కుర్చీ ఒరిగింది, దిండు జారింది. దాని కింద నుంచి గట్టి అట్ట సంచి ఒకటి జారి శశధర్‌బాబు పాదాల దగ్గర పడింది.

అప్పుడు నిబారణ్‌కి అంతా గుర్తొచ్చింది. ఆదివారం వాన. కొట్టు కప్పు కారుతోంది. అన్నిటికన్నా విలువైన బొమ్మ తడవకూడదని తనే దిండు కింద దాచి పైన కూర్చున్నాడు. గోల్ పడింది. ఆనందంలో బొమ్మ మరిచాడు, ఆచారం కొద్దీ దిండు కదపనివ్వలేదు. ఆరు రోజులుగా నిజం మీద కూర్చుని, ఇవాళంతా దాని కోసమే వెతికాడు.

"జానెడు కూడా లేదు దూరం," అంది తపతి గల్లాపెట్టె పైని అట్ట వైపు చూస్తూ.

గోడ గడియారంలో అయిదూ ముప్పై ఎనిమిది. అచ్చాఫీసుకి ఇరవై నిమిషాల పరుగు. కానీ రేడియోలో మ్యాచి ఇంకా ఉంది. గోల్ తెచ్చింది ఆ కుర్చీ కాదు, ఆ బొమ్మేమో.

"శశధర్‌దా, పది నిమిషాలు. మళ్ళీ దిండు కింద పెట్టి కూర్చుంటాను."

శశధర్‌బాబు అప్పటికే సంచి విప్పి, వేలితో అన్న మొహాన్ని తాకుతున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"కూర్చో. వీడూ మన క్లబ్బువాడే. వద్దనడు."

నిబారణ్ జీవితంలో అంత పెద్ద బేరం ముందెన్నడూ ఎదురుకాలేదు. ఒక పక్క నూరేళ్ళ క్లబ్బు, రెండో పక్క ఒక్క మొహం. అతడు లెక్క కట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. సంచి చంకన పెట్టుకుని, అలవాటుగా ఆ చిల్లుగొడుగు తెరుచుకుని రోడ్డున పడి పరుగెత్తాడు.

అచ్చాఫీసుకి ఇంకా సగం దారి ఉండగా ఊరంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరు కొట్టారో తెలియలేదు. లోపల కాగితం అప్పగించాక తెలిసింది, జోడాదీఘి గెలిచింది.

బుధవారం పుస్తకం వచ్చింది. ఆఖరి బొమ్మలో ఆకాశం మీద దిండు నేత అచ్చు పడింది. సరిదిద్దాలా అంటే శశధర్‌బాబు వద్దన్నాడు. ఆ రోజు వాన సరిగ్గా అలాగే ఉందట.

మరుసటి ఏడాది జోడాదీఘి మళ్ళీ ఫైనల్‌కి వచ్చింది. నిబారణ్ కొత్త దిండు వేసుకుని రేడియో దగ్గర సర్దుకున్నాడు. మ్యాచి ముగియవస్తున్నా గోల్ లేదు. అయిదూ ముప్పై ఎనిమిదికి వీధిలో అభిమానులు రెండు వరసలుగా నిలబడి దారి వదిలారు. ఒంటికాలి చెప్పు దర్జీ ఒక ఖాళీ అట్ట సంచి తెచ్చాడు. కాసిమ్‌బాగ్ ఈసారి ఫైనల్లో లేదు కాబట్టి మక్సూద్ కూడా వచ్చాడు. చిల్లుగొడుగు తెరిచి చేతికిచ్చాడు.

"లేవండి నిబారణ్‌దా. మీరు పరుగెడితే గానీ మీవాళ్ళకి గోల్ పడదు."