రోజుకో బెత్తెడు పైపు

"ఈ భూమండలం మీద నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్లు, నా సంగతి ఇంకా తెలియనివాళ్లు!"

ఈ ప్రకటన చేసేటప్పుడు మా బావ క్యాంపర్ వ్యాను మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నడుముకి తువ్వాలు, నెత్తి మీద సబ్బు నురగ, కుడిచేతిలో భూతద్దం. నురగ ఎందుకంటే స్నానం మధ్యలో నీళ్లు అయిపోయాయి. నీళ్లెందుకు అయిపోయాయి అన్నదే కేసు.

మా బావంటే నా చెల్లెలి మొగుడు. ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. కిటికీలోంచి బయటికి చూసేవాడికి టికెట్ లేదని, తన కళ్లలోకి సూటిగా చూసేవాడిది పాత టికెట్ అని, నిద్రపోయేవాడికి రెండు నేరాలూ ఉన్నాయని ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక మిగిలిపోయిన అనుమానాన్ని ఏం చేసుకోవాలో తెలియక డిటెక్టివ్ అయ్యాడు.

వ్యానులో కాపురం మాత్రం మా చెల్లెలి ముచ్చట. పెళ్లయిన నాటినుంచీ దాని వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి గోడే. "ఇక నాకు గోడ వద్దు, అన్నయ్యా. రోజుకో కొత్త కిటికీ కావాలి" అని పట్టుబట్టి, అద్దె ఇల్లు ఖాళీ చేయించి, సామాను సగం పంచిపెట్టి, మిగతా సగం ఆ వ్యానులో సర్దింది. ఇప్పుడు వాళ్లకి ఇల్లూ వాకిలీ అన్నీ అదే. అది పోతే ఇంకోటి లేదు.

చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను కూడా ఎక్కించుకుని, ఒక సరస్సు పక్కన బళ్లు నిలుపుకునే మైదానంలో దిగారు. చూపుకి చదునైన నేలే. నిమ్మకాయ పెడితే మాత్రం నీళ్ల వైపు దొర్లేది. ఎగువన కుళాయి. దానికి నీలం రంగు పైపు తగిలించి వ్యాను ట్యాంకు నింపుకోవాలి.

దిగీ దిగగానే మా బావ భద్రతా ఏర్పాట్లు మొదలుపెట్టాడు. తలుపుకి ఒకటి కాదు, నాలుగు తాళాలు. లోపల పహిల్వాను ఉన్నాడని దొంగలు భ్రమపడాలని, మెట్టు పక్కన ఏనుగు కాలికి సరిపోయే బూట్లు. వాటి పక్కన కుక్క గిన్నె.

"కుక్కేది, బావా?" అన్నాను.

"కుక్కెందుకు? గిన్నె చూస్తే దొంగ పారిపోడూ?"

"గిన్నె మొరగదు కదా."

మా బావ నన్ను ఎగాదిగా చూశాడు. "నీ గొంతు కాస్త బొంగురే" అన్నాడు.

ఆ విధంగా నాకు ఉద్యోగం వచ్చింది. అడుగుల చప్పుడైతే చాలు, ముందు సీట్లో నడుం వాల్చిన నేను లేచి మొరగాలి. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, రెండోరోజుకల్లా అవతలి గట్టు మీది కుక్కలు నాకు జవాబివ్వడం మొదలుపెట్టాయి.

వచ్చిన మర్నాడు పొద్దున్నే మా బావ ముందు చక్రాల దగ్గర బోర్లా పడుకుని, "కుట్ర!" అని గావుకేక పెట్టాడు. చక్రానికొకటి చొప్పున రెండు చెక్కదిమ్మలు బయటికి లాగాడు.

"ఇవి మనవి కావు. మన వ్యాను ఇక్కణ్ణించి కదలకుండా ఎవరో అడ్డం పెట్టారు. అర్థమైందా?"

"కదలకుండానే కదా" అన్నాను.

"అదే! కదలకపోతే దొంగని వెంటాడేదెలా? అందుకే నేను గేరు కూడా వేయలేదు. ఎక్కితే చాలు, ఉరకడమే!"

దిమ్మలు రెండింటినీ తన రేకుపెట్టెలో పడేశాడు. దాన్ని ఆయన సాక్ష్యాల పెట్టె అంటాడు. తాళంచెవులుండేదీ అందులోనే. దొంగలు జేబులు వెతుకుతారట గానీ పెట్టెల జోలికి పోరట. ఇక వ్యానుని పట్టి ఉంచే బాధ్యతంతా హ్యాండ్ బ్రేకు మీద పడింది. ఆ బ్రేకు ముసలాడి దవడపన్ను లాంటిది. ఉందంటే ఉంది, పట్టు మాత్రం లేదు.

అసలు కేసు ఆ తర్వాత మొదలైంది. వచ్చిన రోజు కుళాయి నుంచి వ్యాను దాకా పైపు వేస్తే మూరెడు మిగిలి చుట్ట చుట్టుకుంది. మర్నాడు సాయంత్రానికి చుట్ట లేదు, పైపు తీగలా బిగిసింది. ఆ మర్నాడు బెత్తెడు తక్కువైంది. ట్యాంకు నిండక మా బావ నెత్తి మీద నురగ మిగిలింది.

"పైపు దొంగ!" అన్నాడు మా బావ, నురగ కళ్లలోకి కారుతుండగా. "రోజుకో బెత్తెడు కోసుకుపోతున్నాడు. ఒక్కసారే కోస్తే తెలిసిపోతుందని కొంచెం కొంచెంగా. ఆరితేరినవాడు, బావా!"

అసలు సంగతి మీకు ఇప్పటికే తెలిసిపోయుంటుంది. మీకేం, కదలని కుర్చీలో కూర్చుని చదువుతున్నారు. మాకా సౌకర్యం లేదు.

దొంగని పట్టడానికి మా బావ మా చెల్లెలి గోళ్లరంగు తీసుకుని పైపు రెండు కొనలకీ ఎర్రటి గుర్తులు పెట్టాడు. మర్నాడు చూస్తే గుర్తులు రెండూ చెక్కుచెదరలేదు. పైపు మాత్రం ఇంకో బెత్తెడు పొట్టిదైంది.

నాకు మతిపోయింది. మా బావకి మాత్రం ముఖం వెలిగిపోయింది.

"మధ్యలో కోసి అతికిస్తున్నాడు!"

"అతుకు కనబడదేం?"

"అదే వాడి పనితనం!"

ఇక లోపలికెళ్లి పచార్లు మొదలుపెట్టాడు. నడవందే మా బావకి ఆలోచన రాదు. వ్యానులో ఆ గోడకీ ఈ గోడకీ మధ్య ఉన్నది నాలుగడుగులు. మనిషి చూస్తే ధాన్యం బస్తా. ఆయన ఇటు తిరిగితే గిన్నెలు గల్లుమనేవి, అటు తిరిగితే వ్యాను మొత్తం ఉయ్యాలూగేది. ఆలోచన ఎంత లోతుగా సాగితే చక్రాల కింద గులకరాళ్లు అంత కరకరలాడేవి.

మా చెల్లెలు కిటికీలోంచి చూస్తూ, "అన్నయ్యా, ఇక్కడి బాతులెంత మచ్చికవో! మొన్న దూరంగా ఉండేవి. ఇవాళ మొహాలు కూడా కనిపిస్తున్నాయి" అంది.

"మనం మంచివాళ్లమని తెలిసుంటుందిలే, తల్లీ" అన్నాను.

అయితే నీళ్లు లేకపోతే బాతుల అందం ఎంతసేపు? చెల్లెలు మొగుణ్ణి నిలదీసింది. "ఏవండీ, వ్యాను కాస్త వెనక్కి తీస్తే పైపు అందదూ?"

"నేరస్థలంలో పూచికపుల్ల కూడా కదపకూడదు!"

"పోనీ బకెట్టుతో మోసుకొస్తాను."

"కుళాయి చుట్టూ తాడు కట్టేశాను. వేలిముద్రలు చెరిగిపోతాయి."

చెల్లెలు గరిటె కింద పెట్టింది. అది గరిటె విసిరినా భయం లేదు గానీ, మెల్లిగా కింద పెట్టిందంటే మాత్రం జాగ్రత్త పడాలి. "సరే. రేపు మధ్యాహ్నం నేను పడుకుని లేచేసరికి ట్యాంకులో నీళ్లుండాలి. లేదంటే మన పెద్దమ్మాయి ఇంటికి బస్సెక్కుతాను. మళ్లీ గోడ చూస్తూ కూర్చుంటాను. గోడకి అవతలైనా నీళ్ల చప్పుడు వినిపిస్తుంది" అంది.

మా బావ ముఖం వాడిపోయింది. మొట్టమొదటిసారి భూతద్దం దించాడు. "బావా, అది గోడ దగ్గరికి పోతే నేనొక్కణ్ణే ఈ డబ్బాలో ఏం చేయను?" అన్నాడు నాతో, చాలా మెల్లిగా. మరుక్షణం భూతద్దం మళ్లీ పైకి లేచింది. "పద, అనుమానితుల్ని గాలిద్దాం!"

పక్క వ్యానులో ఒకావిడ ఉంది. వ్యాను చుట్టూ కుండీలే, అందరూ మొక్కలావిడ అంటారు. ఆమె టమాటా మొక్కల్ని కర్రలకి పైపు ముక్కలతో కట్టింది. మా బావ కళ్లు మెరిశాయి.

"ఈ ముక్కలెక్కడివి?"

"మా పాత పైపువి, అన్నగారూ."

"దాన్ని ముక్కలు చేసిందెవరు?"

"నేనే."

"ఒప్పేసుకుంది, బావా!"

"ఆవిడవి ఆకుపచ్చ ముక్కలు, బావా. మన పైపు నీలం" అన్నాను.

"రంగు మార్చడం నేరస్థులకి వెన్నతో పెట్టిన విద్య!"

మొక్కలావిడ ఏమీ అనుకోలేదు. "అది సరే గానీ అన్నగారూ, మీ కుక్క రాత్రంతా పాపం ఒకటే మూలుగుడు. ఆకలేమో. రేపు కాసిని పాలు పోస్తాను" అంది.

నా మొరుగుడుని మూలుగు అనేసిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు భోజనం చేసి లోపల పడుకుంది. మా బావ అనుమానితులందర్నీ కుళాయి దగ్గరికి పిలిచాడు. అందరూ అంటే మొక్కలావిడ, మైదానం కాపలాదారు. రేకుపెట్టె చంకన పెట్టుకుని వ్యానులోంచి ధభీమని దూకాడు. నిద్రపోయే ఇల్లాలికి రక్షణగా తలుపు బయటినుంచి నాలుగు తాళాలూ నొక్కి, గట్టిగా పడ్డాయో లేదోనని ఒక్కొక్కటీ పట్టుకుని గుంజాడు. నాలుగో తాళం గుంజినప్పుడు గులకరాళ్లు కరకరమన్నాయి.

ఎగువకి వచ్చి, వ్యాను వైపు వీపు పెట్టి, గొంతు సవరించుకున్నాడు. మేం ముగ్గురం ఎదురుగా నిలబడ్డాం.

"నేరస్థుడు ఇక్కడే ఉన్నాడు. మనలోనే ఉన్నాడు. మన గాలే పీలుస్తున్నాడు!"

కాపలాదారు చేయెత్తాడు. "సార్, రెండ్రోజుల్నించీ మీకొక ముక్క చెబుదామని వస్తున్నాను. మీ కుక్కంటే భయమేసి వెనక్కి పోతున్నాను. ఆ చక్రాల కింద నేను పెట్టిన..."

"అడిగినప్పుడే మాట్లాడాలి!"

"అది కాదు సార్, మీ వ్యాను..."

"మాట మార్చకు! ఎవరూ కదలకూడదు. మీ ముఖాలే మిమ్మల్ని పట్టిస్తాయి." మా బావ భూతద్దం ఎత్తాడు. ముందు మొక్కలావిడ కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత కాపలాదారు నోరు తెరుచుకుంది. ఆ తర్వాత నా చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. మా బావ వీపు వెనక వ్యాను, నెమ్మదిగా, హుందాగా, పెళ్లివారి బండిలాగా సరస్సు వైపు బయల్దేరింది.

"చూశావా, బావా, ముఖాలెలా పాలిపోయాయో! అరె, నీదీ పాలిపోయిందేం? అంటే నువ్వు కూడా..."

చెల్లెలు లోపల నిద్రపోతోంది. తలుపుకి బయటినుంచి నాలుగు తాళాలు. అరుద్దామని నోరు తెరిచాను. అలవాటైన గొంతు కదా, గట్టిగా మొరిగాను.

మా బావ వెనక్కి తిరిగాడు. ఆ మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని నేను కల్లో కూడా అనుకోలేదు. "ఏమేవ్! లే! దూకు! అయ్యో, తాళాలు!" అని అరుస్తూ, పెట్టె వదలకుండా, భుజం మీది తువ్వాలు జెండాలా ఎగురుతుండగా వాలులోకి దౌడు తీశాడు. కాపలాదారూ నేనూ వెనకాలే.

తలుపు దగ్గరికి చేరాడు. తాళంచెవులు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరుద్దామంటే వ్యాను ఆగదు. పక్కనే పరిగెడుతూ మూత లాగబోయి, ఆ ఉదయం మొక్కలావిడ దిగువకి జరిపి నిండా పాలు పోసిన కుక్క గిన్నెలో కాలు పెట్టాడు.

అంతే. గిన్నె ఒక వైపు, పాలు ఒక వైపు, మా బావ ఇంకో వైపు. చేతిలోని రేకుపెట్టె గాల్లోకి లేచి, రెండు పల్టీలు కొట్టి, సరిగ్గా ముందు చక్రం ఎదుట పడింది.

ఫట్! రేకు కాగితంలా నలిగింది. లోపలున్నవి మాత్రం నలగలేదు. చక్రం ఎక్కబోయి, ఎక్కలేక, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఇంకో బెత్తెడు ముందుకెళితే గట్టు, గట్టు కింద నీళ్లు. బాతులు లేచి నిలబడి మమ్మల్ని చూశాయి.

కిటికీ తెరుచుకుంది. చెల్లెలు నిద్రమొహంతో తల బయటపెట్టింది. "అన్నయ్యా, పట్టపగలు కూడా మొరుగుడేనా?" అని, కిందికి చూసి, నీళ్లు చూసి, బురదలో బోర్లా పడి ఉన్న మొగుణ్ణి చూసి కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది.

మా బావ తలెత్తాడు. గడ్డం నిండా పాలు. "నీకేం కాలేదు కదా?" అన్నాడు. మళ్లీ అడిగాడు. మూడోసారీ అదే అడిగాడు.

కాపలాదారు వంగి, నలిగిన పెట్టెలోంచి తొంగిచూస్తున్న చెక్కని తట్టాడు. "ఇవి నా దిమ్మలే సార్! దిగిన రోజే వాలు చూసి మీ చక్రాల కింద పెట్టాను. ఇవి తీసేసినవాడెవడో గానీ..."

మా బావ బురదలోనే కూర్చుని, భూతద్దం తీసి, దిమ్మని తిప్పి తిప్పి చూశాడు. "వేలిముద్రలు చాలా స్పష్టంగా ఉన్నాయి" అన్నాడు గంభీరంగా. "ఎక్కడో చూసినట్టే ఉంది. సాయంత్రంలోగా పట్టుకుంటాను."

"ఆ చెయ్యి ఇటివ్వండి, నేను పట్టుకుంటాను" అంది చెల్లెలు కిటికీలోంచి. కోపంగానే అంది గానీ, ఇచ్చిన చెయ్యిని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం మెకానిక్కు వచ్చి బ్రేకు తీగ మార్చాడు. వ్యానుని వెనక్కి లాగి మొదటి చోట నిలబెట్టారు. గేరు వేశారు, చక్రాల కింద దిమ్మలు పెట్టారు. తలుపుకి ఒక్క తాళం, తాళంచెవి చెల్లెలి మెడలో. రేకుపెట్టెలో మొక్కలావిడ మట్టి పోసి టమాటా నాటింది. చెల్లెలు బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

నేనే పైపు పట్టుకెళ్లి కుళాయికి తగిలించాను. వ్యాను దాకా హాయిగా వచ్చి, ఇంకా మూరెడు మిగిలి చుట్ట చుట్టుకుంది. లోపల నీళ్ల చప్పుడు, దానితోపాటు చెల్లెలి కూనిరాగం.

మా బావ ఆ చుట్ట ముందు గొంతుకూర్చుని, చాలాసేపు పరిశీలించి, నా చెవి దగ్గరికి వంగాడు.

"చూశావా, బావా? వాడికి నా పేరు తెలిసిపోయింది. భయపడి, కోసుకుపోయిందంతా తెచ్చి అతికించి పోయాడు!"

ఒక్కసారి మొరిగి ఊరుకున్నాను.