తూర్పు వాకిలి వర్క్‌షాప్

"బస్సు పోని చోటికి కూడా భవిష్యత్తు పోతుంది" అని గ్రామీణ యంత్ర వికాస శాఖ మంత్రిగారు పెనుకొండ సభలో ప్రకటించారు. ఆ భవిష్యత్తు నలభై అడుగుల ఇనుప పెట్టెల్లో వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఓడల మీద దేశాలు తిరిగిన కంటైనర్లను తెచ్చి, కొండ పక్కన పెట్టి, అందులో రైతుల మోటార్లు బాగుచేసే వర్క్‌షాప్ నడపాలన్నది ఆయన ఆలోచన. సముద్రం చూడని రొద్దం మండలానికి సముద్రపు సామానే తెచ్చి పెట్టడం మామూలు మనసున్న వాళ్ళు చేసే పని కాదు.

స్థలం నల్లగుండ్లపల్లి. ఆ ఊరికి బస్సు లేదు గాని దేవేంద్ర ఉన్నాడు. ఊరి మలుపులో రేకుల షెడ్డు వేసుకుని, కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి మోటారు ఆగినా చైన్ బ్లాకు వేసుకుని పోయి బోరులోంచి పైకి తీసేది అతనే. వర్క్‌షాప్ వస్తుందని విన్న రోజు ఊరందరికంటే ఎక్కువ సంతోషపడిందీ అతనే. ఆ సంతోషం అతను పరాయిచోట పెట్టిన మొదటి పెట్టుబడి.

పార్టీ మండల నాయకుడు చౌడప్ప స్వయంగా షెడ్డుకు వచ్చాడు.

"ఏమప్పా దేవేంద్రా, కంటైనర్లు తెచ్చే ట్రైలర్ లారీ నీ షెడ్డు కాడ మలుపు తిరగదంట. షెడ్డు తీసేయాల."

"తీసేస్తే నేను యాడ పని చేసుకోవాలన్నా?"

"కంటైనర్లోకే పోతాండావు కదప్పా! ఏసీ పెడతారంట. ఇంగ రేకులెందుకు నీకు?"

షెడ్డు ఆ సాయంత్రానికే నేలమట్టమైంది. వర్క్‌షాప్‌కు కొన్న కొత్త మిషన్లు రెండో విడతలో వస్తాయట. అయితే మొదటి విడతలో ప్రారంభోత్సవం ఉంది, ఖాళీ పెట్టెను ప్రారంభిస్తే పత్రికల వాళ్ళు ఊరుకోరు. అందుకని దేవేంద్ర సామాను మొత్తం, చైన్ బ్లాకు, వైండింగ్ మిషను, పైపు రెంచీలతో సహా, పెనుకొండకు తీసుకుపోయి, అక్కడ దించిన ఒక కంటైనర్లో సర్ది, రంగు వేసి, తలుపు బిగించారు. రెండో కంటైనర్ ఖాళీ. అది ఎక్స్‌పాన్షన్ కోసం.

"సామానంతా తీసకపోతాండారే, మల్ల వస్తాదంటావా?" అంది భార్య భాగ్య.

"మల్ల మన ఊరికే వస్తాది లేవే" అన్నాడు దేవేంద్ర. అతను చెప్పినట్టే వచ్చింది. ఆ మాటలో తప్పేమీ లేదు.

కంటైనర్లు వచ్చిన రోజు మంత్రిగారి వాస్తు సిద్ధాంతి కూడా వచ్చారు. చదును చేసిన స్థలానికి తూర్పున ఇంటంత పెద్ద రాతి గుండు, పడమట రోడ్డు. తలుపులు రోడ్డు వైపు వచ్చేలా దించబోతుంటే సిద్ధాంతి చేయి అడ్డం పెట్టారు. మంత్రిగారి జాతకానికి పడమటి వాకిలి పదవీగండమట. ఆ ఒక్క మాటకు క్రేను, ట్రైలర్, ఇంజనీర్లు అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. పదవికి గండం వచ్చాక వర్క్‌షాప్ ఉండి ఏం లాభం?

క్రేను రెండు కంటైనర్లనూ గాల్లో తిప్పి, తలుపులు తూర్పుకు పెట్టి దించింది. తలుపులకూ గుండుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

"తలుపులు తెరుచుకోవు సామీ" అన్నాడు దేవేంద్ర.

సిద్ధాంతి నొచ్చుకున్నారు. "వాకిలి తూర్పున ఉండాలని శాస్త్రంలో ఉంది నాయనా. అది తెరుచుకోవాలని ఎక్కడా లేదు."

"ముహూర్తం దాటిపోతాది, దించండ్రా" అన్నాడు చౌడప్ప. క్రేను హిందూపురం వెళ్ళిపోయింది. అది వెళ్ళిన వారానికే ఊరి మొదట్లో సిమెంటు స్వాగత తోరణం లేచింది. దాని మీద మంత్రిగారి కీర్తిశేషులైన నాయన పేరు, నడిమధ్యన ఆయన బొమ్మ. పెద్దాయన ముందు ఎవరైనా తల వంచి పోవాలని తోరణాన్ని కాస్త కిందికే కట్టారు. క్రేనుకు తల వంచే అలవాటు లేదు గనుక అది మళ్ళీ రాలేకపోయింది.

ప్రారంభోత్సవం ఆగలేదు. పడమటి గోడకు తలుపులు పెయింట్ చేయించారు. గడియ, తాళం, కింద గడపకు పసుపు బొట్లు, అన్నీ పెయింటే. బొమ్మ తలుపుకు వాస్తు వర్తించదని సిద్ధాంతి దయచేసి సెలవిచ్చారు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచారు. ఠంగుమని నుదురు రేకుకు తగిలింది. ఇంకొకరైతే నుదురు రుద్దుకునేవారు. ఆయన క్షణంలో రెండు చేతులూ జోడించి, అలాగే నుదురు ఆనించి మొక్కారు. అది చూసి ప్రాజెక్టు డైరెక్టర్ వసుంధర మేడమ్, ఆమె వెనక చౌడప్ప, అతని వెనక కార్యకర్తలు వరసగా వచ్చి నుదుళ్ళు ఆనించి మొక్కారు. మరునాడు పేపర్లో ఫోటో చాలా భక్తిగా వచ్చింది.

ఎండలు ముదిరాయి. ఊళ్ళో పట్టు రైతు ఓబుళప్ప మోటారు కాలిపోయింది. అతని మల్బరీ తోట ఆ ఒక్క బోరు మీదే ఉంది, ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, ఆకు కోసం తలలెత్తుతున్నాయి.

"ఏమప్పా, నీ సామాను తీసుకురా, మోటారు పైకి తీద్దాం. రొండు దినాలు నీళ్ళు లేకుంటే ఆకు ఎండిపోతాది" అన్నాడు ఓబుళప్ప.

"యాడుండాదో చూస్తాండావు కదా మామా" అన్నాడు దేవేంద్ర. అతనికి సిగ్గేసింది. తన తప్పు లేకపోయినా సిగ్గేసింది.

మోటార్లు తీసే పెనుకొండ వాళ్ళను పిలిస్తే, వరసలో ముందు చాలామంది ఉన్నారు, వారం పడుతుందన్నారు. దేవేంద్ర వసుంధర మేడమ్‌కు ఫోన్ చేశాడు. "గ్యాస్ కట్టర్ పెట్టి పక్కన కోసుకుంటాను మేడమ్, చిన్న వాకిలి."

"కోస్తే వారంటీ పోతుందండీ" అన్నారామె బాధగా. "పదేళ్ళ వారంటీ. లీకేజీ అస్సలు ఉండదు."

లోపల బందీ అయిన తన బతుకు వానకు తడవదని మేడమ్ భరోసా. దేవేంద్ర ఫోన్ పెట్టేశాడు. కంటైనర్ చుట్టూ తిరిగాడు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం వదిలిన చదరపు రంధ్రం కనబడింది. ఫ్యాను కూడా రెండో విడతే. మనిషి పట్టడు గాని చెయ్యి పడుతుంది. బావిలో పడిన బిందెలు తీసే కొక్కేల గుత్తి ఇంట్లో ఉంది. దానికి తాడు కట్టి, నిచ్చెన ఎక్కి, రంధ్రంలోంచి లోపలికి వదిలాడు. కింద ఓబుళప్ప నిచ్చెన పట్టుకుని, "తగిలెనా? తగిలెనా?" అని అడుగుతున్నాడు. చాలాసేపటికి పైపు రెంచి ఒకటి ఊగుతూ పైకొచ్చింది. సొంత రెంచిని చూసి దేవేంద్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చైన్ బ్లాకుకు గాలం వేస్తుండగా చౌడప్ప బండి ఆగింది.

"ఏం చేస్తాండారప్పా? పట్టపగలే గవర్మెంటు సామాను దొబ్బుతాండారా?"

"నాదేనన్నా ఇది! పిడి మీద నా పేరుండాది చూడు."

"ఉంటే? మంత్రిగారు ప్రారంభించినాక అది వర్క్‌షాప్ సొత్తు. మర్యాదగా లోపల ఎయ్. లేదంటే కేసు అవుతాది. నిన్ను జైల్లో చూడాలని నాకేమైనా సరదానా?"

దేవేంద్ర రెంచిని రంధ్రంలోకి వదిలాడు. అది ఎంత లోతుకు పడిందో శబ్దాన్ని బట్టి తెలిసింది. నాలుగు రోజుల తర్వాత ఓబుళప్ప ఆకు లేక చచ్చిన పురుగులను తట్టల్లో తెచ్చి దిబ్బలో పోశాడు. ఆ ఏడు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కు అతను పోలేదు. దేవేంద్ర ఎదురైతే పలకరించడం కూడా మానేశాడు. దేవేంద్రను నిజంగా కాల్చింది అదే.

ప్రభుత్వం మాత్రం దేవేంద్రను వదిలేయలేదు. వర్క్‌షాప్‌కు కాపలా కావాలి, లోపలి సామాను మీద అంత ప్రేమ ఉన్న మనిషి ఇంకొకడు దొరకడు అని వసుంధర మేడమ్ గుర్తించి అతన్నే వాచ్‌మన్‌గా పెట్టారు. లాఠీ, ఈల ఇచ్చారు. మోటార్లు కాలిన రైతులు వస్తే, రెండో విడత దాకా ఆగమని చెప్పడం అతని పని.

మొదటి వార్షికోత్సవానికి మంత్రిగారు తోరణం కింద తల వంచి వచ్చారు. కంటైనర్లకు వీపు పెట్టి వేదిక కట్టారు. ఏడాదిలో ఒక్క దొంగతనం గాని, ఒక్క యంత్రం అరుగుదల గాని లేని వర్క్‌షాప్ దేశంలో ఇదొక్కటేనని వసుంధర మేడమ్ నివేదించారు. అందుకు కారకుడైన దేవేంద్రను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఎర్రటి కొత్త టూల్ బాక్సు చేతుల్లో పెట్టారు. బరువుగా ఉంది. లోపల రెంచీలు కదిలిన చప్పుడు విని దేవేంద్ర పెట్టెను గట్టిగా హత్తుకున్నాడు. జనంలో ఓబుళప్ప కనబడ్డాడు. ఆ ఎండాకాలం తర్వాత మొదటిసారి అతను దేవేంద్రను చూసి తల ఊపాడు.

ఫోటో అయిపోయింది. మెట్ల దగ్గర చౌడప్ప చెయ్యి చాచాడు.

"ఇటియ్యప్పా. వర్క్‌షాప్ ఫండ్‌లో కొన్నది, వర్క్‌షాప్‌లోనే ఉండాల."

చౌడప్ప పెట్టె తీసుకుని వేదిక వెనక్కు పోయి, నిచ్చెన ఎక్కి, మూత తెరిచి, ఒక్కో పనిముట్టూ రంధ్రంలోకి వదలసాగాడు. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

మైకు ముందున్న మంత్రిగారు ప్రసంగం ఆపి, చూపుడు వేలు పైకెత్తారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"విన్నారా? మనం ఈడ సభలో ఉన్నా, లోపల పని ఆగలేదు!"

జనం చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీగానే ఉన్నాయి గనుక దేవేంద్ర కూడా కొట్టాడు.