ఒక కిటికీకి నాలుగు తెరలు

నాగరికత కిటికీతో మొదలై తెరతో పూర్తవుతుందని రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో పెద్దలు తేల్చారు. (వానతో మొదలవుతుందని మా అనంతపురం వాళ్లు అనుకునేవారు. పొరపాటు.)

ఆ ప్రకారం తనకల్లు దారిలో కూలివాళ్లకు కట్టించిన కొత్త కాలనీకి ఉత్తర్వు వచ్చింది. హాలు కిటికీకి పూల తెర, పడక గదికి ముదురు నీలం, వంటింటికి సగం తెర, పూజ గదికి పసుపు తెర కట్టాలి. కట్టకపోతే ఇల్లు వెనక్కి తీసుకుంటారు. ఉత్తర్వు రాసినవారు మంచి మనసుతోనే రాశారు, కాకపోతే ఇళ్లు చూడలేదు. ఒక్కో ఇంటికి ఉన్నది ఒకటే గది, ఒకటే కిటికీ.

తెరల తనిఖీ అధికారి రామదాసు తొణకలేదు. ఒకే గదిలో నాలుగు పనులూ జరుగుతాయి గనుక, పనిని బట్టి ఆ కిటికీకే నాలుగు తెరలూ మార్చుకోవాలని తీర్పు చెప్పాడు. చెప్పి, ముందుగా కాలనీలోని కూలి తిప్పమ్మ ఇంటికి తనిఖీకి వచ్చాడు.

అక్కడ కిటికీకి గొర్రెబొచ్చు కంబళి కట్టి ఉంది. లోపల తిప్పమ్మ కూతురు పసిబిడ్డతో పడుకుని ఉంది. బయట దుమ్ముగాలి.

"కంబళి ఉత్తర్వులో లేదమ్మా. అసలు ఇప్పుడు దీన్ని ఏ గది అనుకోవాలి?"

"బాలింత ఉండాది సామీ. ఈ గాలి తగిలితే సన్నబిడ్డ బతుకుతాదా? మా ఇండ్లల్లో బాలింతరాలికి కంబళే కడతాము."

"పురిటి గదికి తెర రంగు ఇంకా నిర్ణయం కాలేదు. అయ్యేదాకా కిటికీ తెరిచే ఉండాలి. పైకి రాస్తాను."

(పైకి పోయింది కిందికి రావడం మా వైపు అరుదు. నీటి ఆవిరి సంగతీ అంతే.)

కంబళి విప్పించి ఆయన వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి పక్కబట్టల నిండా దుమ్ము, బిడ్డకు దగ్గు. తిప్పమ్మకు ఒళ్లు మండింది.

"తిమ్మన్నా, రాళ్లూ మన్నూ తేరా! కిటికీ ఉంటేనే గదా ఈ పీడ!" అని కొడుకును కేకేసింది. సాయంత్రానికి కిటికీ గోడలో కలిసిపోయింది.

మళ్లీ తనిఖీకి వచ్చిన రామదాసు ఆ గోడను తట్టి చూసి, ఉత్తర్వు తిరగేశాడు. కిటికీ లేనిచోట తెర లేకపోవడం నేరం కాదు. కాలనీ మొత్తంలో ఉత్తర్వును ఉల్లంఘించని ఇల్లు ఇదొక్కటే. దానికి 'ఆదర్శ గృహం' అని పలక కొట్టించి, మిగతా ఇళ్లనూ అలాగే సరిచేయమన్నాడు.

"లోపల ఊపిరాడల్యా సామీ," అంది తిప్పమ్మ, చీకట్లో మనవడికి చేటతో విసురుతూ.

"గాలి మా శాఖ కాదమ్మా," అని ఆయన జీపెక్కాడు.

నేను విచారించాను. ఆయన చెప్పింది నిజమే. గాలిని ఇంకా ఏ శాఖకూ కేటాయించలేదు.