టమాటా సూపులో బీట్‌రూటు

ఆ ఉదయం కోడలు అనుకున్నదల్లా ఒక్కటే. తొమ్మిదింటికల్లా బాబుని అత్తగారికి అప్పగించి, కుట్టు దుకాణంలో కొత్త పనికి చేరాలి. మొదటి రోజే రాకపోతే ఆ మిషను ముందు ఇంకొకరు కూర్చుంటారని యజమానురాలు ముందే చెప్పింది.

ఈ ఏర్పాటంతా అత్తగారి మోకాళ్ల మీద నిలబడి ఉంది. ఆ మోకాళ్లేమో వాపు తగ్గించే మాత్రల మీద నిలబడ్డాయి. ఆ మాత్రలతో కడుపులో ఒకటే మంట. మంట ఎక్కువైతే మాత్రలు ఆగుతాయి, మాత్రలు ఆగితే మోకాళ్లు, మోకాళ్లు ఆగితే తన పని. ఆలోచించి ఆలోచించి కోడలికి తిండి సయించడం లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో చూస్తున్న వీడియోలో ఒక డాక్టరు, కూరగాయల్లోని ఎరుపు, ఊదా రంగులు ఇలాంటి మాత్రల చెడు నుంచి కడుపుని కాపాడవచ్చని చెప్పాడు. "అయితే..." అని అతను ఇంకేదో చెప్పబోతుండగా బాబు ఏడ్చాడు. ఆ తర్వాతిది ఆమె వినలేదు.

బీట్‌రూటు మట్టి వాసన వస్తుందని అత్తగారికి గిట్టదు. అందుకని కోడలు దాన్ని ఉడికించి, రసం పిండి, టమాటా సూపులో కలిపి ముందురోజు సాయంత్రం పెద్ద గ్లాసుడు తాగించింది.

"ఇంత ఎర్రగా ఉందేమిటే?"

"బాగా పండినవి అత్తయ్యా."

తెల్లారాక అత్తగారు గోడ పట్టుకుని బాత్రూంలోంచి బయటికొచ్చింది.

"ఒరేయ్, డాక్టరమ్మ చెప్పినట్టే అయిందిరా. ఎర్రగా పడుతోంది!"

ఈ మాత్రలకి కడుపులో రక్తం కారవచ్చనీ, ఎరుపుగానీ నలుపుగానీ కనిపిస్తే వెంటనే రమ్మనీ డాక్టరమ్మ లోగడ హెచ్చరించింది. కొడుకు సగం గీసిన గడ్డంతోనే బండి కోసం పరుగెత్తాడు.

బీట్‌రూటేనన్న మాట కోడలి నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఒకవేళ నిజంగా రక్తమే అయితే? తను "ఏం కాదులెండి" అని కూర్చోబెట్టాక ఏమైనా జరిగితే? జత కుదరని చెప్పులు వేసుకుని, బాబుని చంకన పెట్టుకుని తనూ బండెక్కింది.

"అమ్మాయ్, నా గాజులు నీకే. బీరువా తాళం బియ్యం డబ్బాలో ఉంది."

"అక్కడ లేదుగా అమ్మా," అన్నాడు కొడుకు.

"నీకెలా తెలుసురా?"

"కాస్త తొందరగా పోనివ్వు," అన్నాడు కొడుకు బండివాడితో.

ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్నారు. బాత్రూంకి వెళ్లొచ్చిన కొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాక్కూడానే!" అన్నాడు భార్య చెవిలో. గిన్నెలో మిగిలిన సూపు ఊడ్చి తాగింది అతనే. "నేను మాత్రలు కూడా వేసుకోను. ఇదేదో అంటురోగం!"

ఇంతలో బాబు గుడ్డ మారుస్తున్న అత్తగారు కెవ్వుమంది. "నా తండ్రీ! వీడిక్కూడానా! రాత్రి నా గ్లాసులోంచి రెండు చెంచాలు పట్టానే!"

నర్సు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చింది. "అందరూ బయటికి నడవండి! వీళ్లని ముట్టుకోకండి!" హాలు క్షణంలో ఖాళీ అయింది.

"బీట్‌రూటండీ!" అని అరిచేసింది కోడలు. "అది నేను కలిపిన బీట్‌రూటు!"

అయినా డాక్టరమ్మ వదలకుండా పరీక్ష చేయించి, రక్తం లేదని తేల్చింది. ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఆ రంగుల మీద పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే. మనుషులకి ఎంత ఇవ్వాలో ఇంకా తేలలేదు. ఎరుపు చూసి పట్టుకోవాల్సిన జబ్బుకి ఎరుపే తాగిస్తే, నేను దేన్ని చూసి పట్టుకోనమ్మా?"

"కానీ రాత్రి నుంచి అత్తయ్య మంట అనలేదండీ!"

డాక్టరమ్మ అత్తగారిని చూసింది. "అన్నం తిన్నాకే మాత్రలు వేసుకుంటున్నారా?"

అత్తగారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. "అసలు వేసుకుంటేగా! మంట తట్టుకోలేక మొన్ననే మానేశా. చెబితే ఈ పిల్ల పని వద్దనుకుని ఇంట్లో కూర్చుంటుందని..."

"మరి బాబుని ఎట్లా ఎత్తుకుంటారు అత్తయ్యా?"

"ఎత్తుకోవడమెందుకే? వాడు నేల మీద పాకుతాడు, నేనూ నేల మీదే కూర్చుంటా."

డాక్టరమ్మ మోకాళ్లకి పూత మందు రాసిచ్చింది. అప్పుడే కోడలి ఫోను మోగింది. యజమానురాలు. అత్తగారు ఫోను లాక్కుంది.

"నన్ను ఆస్పత్రికి తెచ్చిందమ్మా, అందుకే రాలేదు. రేపు పొద్దున్నే పంపిస్తా. ఆ మిషను ఎవరికైనా ఇచ్చావంటే నేనే వచ్చి కూర్చుంటా!"

ఫోను తిరిగి కోడలి చేతిలో పెట్టి అంది: "పనికి వెళ్లు. పిల్లాడిని నేను చూస్తా. వంట కూడా నేనే చేస్తా."

ఆ పూట తెల్లగా లేని పదార్థమేదీ ఆ ఇంట్లో పళ్లెంలోకి రాలేదు.