ప్రారంభోత్సవానికి ముందు వాడరాదు

తెక్కుంపురం ప్రభుత్వ పాఠశాల ఏడో తరగతి 'బి' విభాగానికి వైరు నుంచి శాశ్వత విముక్తి లభించిందని ప్రజలందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాం. ఇకపై టీచరు తన చేతిలోని ట్యాబు మీద ఏది రాస్తే అది గాలిలో ప్రయాణించి గోడమీది పెద్ద తెరపై పడుతుంది. మధ్యలో వైరు గానీ, మరొకటి గానీ ఉండదు. ఈ మాట పేరెంట్స్ కమిటీ ఉపాధ్యక్షుడి హోదాలో చెబుతున్నాను కనుక నిరభ్యంతరంగా నమ్మవచ్చు.

ఇంతకు ముందు ఆ గదిలో ఒక పాత ప్రొజెక్టరు, దానికో ల్యాప్‌టాప్, రెంటినీ కలిపే ఒక వైరు ఉండేవి. వైరు ఎంత పొడవో లెక్కల టీచరు షైజా గారి స్వేచ్ఛ కూడా అంతే. ఆమె రెండడుగులు అటు వేస్తే వైరు ఊడి తెర నల్లబడేది. అందుచేత ఆమె మూలనున్న బల్ల దగ్గరే నిలబడి పాఠం చెప్పేవారు. ఆఖరి బెంచీ అనేది ఒకటుందని ఆమె విన్నారు గానీ వెళ్లి చూసే అవకాశం రాలేదు.

ఆ ఆఖరి బెంచీలో నిహాల కూర్చుంటుంది. మా బడిలో ఎత్తును బట్టి కూర్చోబెడతారు; ఏడో తరగతికే ఆ పిల్ల హెడ్‌మాస్టరు కంటే పొడుగు. బోర్డు దగ్గరికి రమ్మంటే లేచి నిలబడుతుంది, వెంటనే ఎవరో "కొబ్బరిచెట్టు లేచిందిరోయ్" అంటారు, వచ్చిన లెక్క కూడా గొంతులోనే ఆగిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే మా బడిలో ఒక నియమం ఉంది. స్కాలర్‌షిప్ పరీక్షకు పేరు పంపాలంటే పిల్లలు అందరి ముందూ లెక్క చేసి చూపించాలి. నిహాల పేరు పంపాలని షైజా టీచరు రెండేళ్లుగా పట్టుబడుతున్నారు, ఆ పిల్ల బోర్డు దాకా రాదు కనుక మేము పంపడం లేదు.

కొత్త తెర బిగించి పనివాళ్లు వెళ్లారో లేదో, షైజా టీచరు ఎవరినీ అడగకుండా ట్యాబు చేత్తో పట్టుకుని బెంచీల మధ్య నడుచుకుంటూ వెళ్లి దాన్ని నిహాల ముందు పెట్టారు.

"లేవకు మోళే," అన్నారు మెల్లగా, కన్నకూతుర్ని పిలిచినట్టు. "కూర్చునే చెయ్."

ఒక కుళాయి తొట్టి నింపుతుంటే ఇంకో కుళాయి ఖాళీ చేసే లెక్క. ఆ తొట్టి ఎప్పటికి నిండుతుందో మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెరమీద అంకెలు ఒక్కొక్క వరుసే దిగి వచ్చాయి. టీచరు గారే రాస్తున్నారనుకుని పిల్లలు నోళ్లు తెరుచుకుని తెరనే చూశారు. జవాబు వచ్చాకే అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

"అరె, మన కొబ్బరిచెట్టా!" అన్నాడొకడు.

"అవును, నేనే. చూసుకో, కాయ నీ నెత్తిమీదే పడింది," అంది నిహాల.

గదంతా నవ్వింది. ఈసారి నిహాల కూడా నవ్వింది. ఆ నవ్వు పక్క గదికి, అక్కడి నుంచి ఆఫీసు గదికి, అక్కడి నుంచి పేరెంట్స్ కమిటీకి చేరింది. అప్పుడు గానీ ఎంత ఘోరం జరిగిందో మాకు అర్థం కాలేదు. ఆ తెరను ఎమ్మెల్యే గారి నిధులతో కొన్నాం. ఎమ్మెల్యే గారు ఇంకా ప్రారంభించలేదు.

మా ప్రాంతంలో రిబ్బను కత్తిరించక ముందే వంతెన దాటినవాళ్ల మీద పోలీసు కేసులు పెడతారు. అది మా నాగరికత. కాబట్టి మర్నాడే అత్యవసర సమావేశం జరిగింది. టీ, అరటిపండు బజ్జీలు వచ్చిన తరువాత అధ్యక్షుడు జోసుకుట్టి లేచి నిలబడ్డాడు.

"టీచరూ, మీరేం చేశారో మీకు తెలుస్తోందా? ఆ పిల్ల చేత ప్రారంభోత్సవం చేయించేశారు! ఇప్పుడు ఎమ్మెల్యే గారొచ్చి ఏం ప్రారంభించాలి, నా తలకాయా?"

"తెర ఉంది, కరెంటు ఉంది, పిల్లలున్నారు. పాఠం చెప్పాను సార్."

"అదే అంటున్నా! ఎవరు చెప్పమన్నారు?"

చర్చోపచర్చల తరువాత నేను ఒక మధ్యేమార్గం సూచించాను, సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. ఆ రోజు జరిగింది పాఠం కాదు, కేవలం ట్రయల్ రన్. లెక్క కూడా ట్రయల్ లెక్కే. వచ్చిన జవాబు సరైనదే అయినా ప్రారంభోత్సవానికి ముందు వచ్చింది కనుక స్కాలర్‌షిప్‌కు చెల్లదు.

"మరి పిల్ల పేరు?" అని అడిగారు షైజా టీచరు.

"ప్రారంభోత్సవం అయ్యాక మళ్లీ చేసి చూపించమనండి. వచ్చిన లెక్కేగా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు జోసుకుట్టి.

తెరకు పట్టుగుడ్డ కప్పాం. ట్యాబును బీరువాలో పెట్టాం. పాత ప్రొజెక్టరును అప్పటికే వేరే బడికి ఉదారంగా ఇచ్చేశాం గనుక, జిల్లాలోకెల్లా ఆధునికమైన ఆ తరగతి గదిలో సుద్దముక్కల వాడకం బాగా పెరిగింది. ఎమ్మెల్యే గారికి ముందు అసెంబ్లీ అడ్డొచ్చింది, తరువాత వానలు, తరువాత ఓణం. ఇంతలో అవతలి పార్టీ పంచాయతీ సభ్యుడు తెర ఎమ్మెల్యేదైనా గోడ పంచాయతీదే కదా అని న్యాయమైన ప్రశ్న వేశాడు. ఎమ్మెల్యే గారి ఫ్లెక్సీ పక్కనే ఈ సభ్యుడి ఫోటోతో ఇంకో ఫ్లెక్సీ కట్టాం. రెండు ఫ్లెక్సీలూ కలిసి బడి పేరును పూర్తిగా కప్పేశాయి, అయినా దారి అందరికీ తెలిసిందే కనుక ఇబ్బంది కలగలేదు.

ఈలోగా జోసుకుట్టికి ఒక దూరాలోచన వచ్చింది. వైరు లేని వస్తువును ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. వెంటనే తన ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒక గట్టి గొలుసు విరాళంగా తెచ్చి ట్యాబును మూలనున్న బల్లకు కట్టించాడు. పాత వైరు కంటే ఈ గొలుసు చాలా పొట్టిది. దాత పేరు బల్లమీద ఎర్ర రంగుతో రాయించాం.

చివరికి ఆ రోజు వచ్చింది. స్కాలర్‌షిప్ పేర్లు పంపడానికీ అదే ఆఖరి రోజు. చెండ అనే మా డోలు మోగింది, దీపం వెలిగింది, శాలువాలు కప్పుకోవడం పూర్తయింది. అభినందన ప్రసంగాలకు వచ్చిన పెద్దలు ప్రతి ఒక్కరూ సమయం లేదు కాబట్టి పొడిగించనని చెప్పి పొడిగించారు. ఆ తరువాత ఎమ్మెల్యే గారు గొలుసు మీద చెయ్యి ఆనించి గొంతు సవరించుకున్నారు.

"ప్రియమైన నా ప్రజలారా! వైరు అంటే ఏంటి? బానిసత్వం! ఇవాళ్టి నుంచి మన టీచర్లు ఈ గదిలో ఏ మూలకైనా స్వేచ్ఛగా నడవొచ్చు. పిల్లలూ, ఒక లెక్క. మన ఏటి మీద వంతెనని మా ప్రభుత్వం ఒక్క ఏడాదిలో సగం కట్టేసింది. మరి మిగతా సగానికి ఎంత కాలం పడుతుంది?"

"ఏడాది!" అని ముందు బెంచీలు అరిచాయి. చప్పట్లు కొట్టాం.

"శభాష్! దీన్ని తెరమీద చేసి చూపించేదెవరు?"

"ఆఖరి బెంచీలో ఒకమ్మాయి ఉంది సార్, చేస్తుంది," అన్నారు షైజా టీచరు.

"రమ్మనండి, రమ్మనండి!"

నిహాల సగం లేచింది. ఊరి పెద్దలంతా మెడలు తిప్పి, పైకి, ఇంకా పైకి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల కూర్చుండిపోయింది. షైజా టీచరు ట్యాబు అందుకుని వెనక్కి వెళ్లబోతే గొలుసు పట్టి లాగింది. ఆమె గొలుసును చూశారు, నన్ను చూశారు. నేను ఫ్యానును చూశాను.

గొలుసును బల్లకు కట్టాం గానీ బల్లను దేనికీ కట్టలేదన్న సంగతి మాకు తట్టలేదు. షైజా టీచరు చీర కుచ్చిళ్లు దోపుకుని బల్లనే లాగడం మొదలుపెట్టారు. అది కీచుమంటూ శాలువాల మధ్య నుంచి కదిలింది. పెద్దలు పంచెలు ఎత్తిపట్టుకుని కాళ్లు ముడుచుకున్నారు. చెండవాళ్లు తమకే సైగ అనుకుని ఒక దరువు వేశారు. బల్ల ఆఖరి బెంచీ చేరింది.

"కూర్చునే చెయ్ మోళే," అన్నారామె రొప్పుతూ.

తెరమీద అక్షరాలు వచ్చాయి: "మిగతా సగం కట్టడానికి: ఒక ఏడాది." కాసేపు ఆగి దాని కింద మరో వరుస వచ్చింది: "దాటడానికి: ప్రారంభోత్సవం తేదీ తెలిస్తే గానీ చెప్పలేం."

పిల్లలు బల్లలు చరుస్తూ నవ్వారు. పొరపాటున నేనూ నవ్వాను, జోసుకుట్టి వైపు చూశాక ఆపేశాను. ఫోటోగ్రాఫరు ఎదురుగా ఉన్నంత సేపూ ఎమ్మెల్యే గారు అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ తరువాత బజ్జీలు కూడా ముట్టకుండా కారెక్కారు.

సాయంత్రం కమిటీ మళ్లీ కూర్చుంది. జవాబులో రాజకీయం ఉన్నందున దాన్ని గణితంగా పరిగణించలేమని తీర్మానించాం.

"ఇంతకంటే సరిగ్గా ఆ లెక్క ఎవరు చేస్తారో చెప్పండి సార్!" అన్నారు షైజా టీచరు.

"సరిగ్గా చేసిందనే కదా టీచరూ గొడవంతా!" అన్నాడు జోసుకుట్టి.

బల్ల కాళ్లను నేలలో సిమెంటుతో పాతించాం. షైజా టీచరు మళ్లీ మూలన నిలబడి పాఠం చెబుతున్నారు. నిహాల ఆఖరి బెంచీలో ఉంది, ఇప్పుడు కూర్చున్నా వంగే కూర్చుంటోందట. స్కాలర్‌షిప్‌కు అదే తరగతిలో చదివే మా అబ్బాయి నివేద్ పేరు వెళ్లింది. లెక్కలు అంతంతమాత్రమే గానీ, బోర్డుకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కూర్చుంటాడు. వాడూ పొడుగే, నిజానికి వెనక కూర్చోవలసినవాడే.

మీకు నవ్వొస్తోంది. నవ్వండి. కానీ మీ పిల్లల్ని బడిలో చేర్పించిన రోజున, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, టీచరుతో మీరూ ఒక మాట చెప్పే ఉంటారు: "మావాణ్ణి కాస్త ముందు బెంచీలో కూర్చోబెట్టండి."